పిల్లి తిండి: చీటీమీది మాట, సంచిలోని సత్యము

పాలమూరు కూలి పొట్టకూటికై దూరదేశములకు వలసపోయిన కథ ఇంకను మాయని కథ. నల్లగొండ మండలములో ఫ్లోరైడు నీరు త్రాగి నడుము వంగిన వృద్ధులు ఇంకను మన కన్నులయెదుట నున్నారు. ఇట్టి సీమలో నిలిచి పిల్లుల తిండినిగూర్చి సంపాదకీయము వ్రాయుటయా యని పాఠకులలో కొందరు నవ్వవచ్చును. ఆ నవ్వును మేము తప్పుపట్టము. కాని లోభిని నిందింపవలసివచ్చినపుడు “పిల్లికి బిచ్చము పెట్టనివాడు” అనుట మన జాతికి అలవాటు. పిల్లికి పెట్టు పిడికెడు కూటితో మనుష్యుని గుణమును కొలిచిన భాష మనది. ఆ పిడికెడు కూడు నేడు అంగడిసంచిలో వచ్చుచున్నది. దానిని కొలుచు త్రాసు మాత్రము ఇంకను రాలేదు. ఈ వ్యాసమునకు అదియే కారణము.

మిర్యాలగూడలో బియ్యపు గిడ్డంగి నడపుకొను పాఠకులొకరు మాకు జాబు వ్రాసినారు. వారి గిడ్డంగిలో ఎలుకలకును పందికొక్కులకును వెరచి నాలుగు పిల్లులను సాకుచున్నారట. మునుపు పెరుగన్నము పెట్టెడివారు. ఇప్పుడు కుమారుని ప్రోద్బలమున పొడితిండి సంచులు కొనుచున్నారు. ఒక సంచి కిలో నాలుగువందల రూపాయలు. రెండవది “ప్రీమియం” అని బంగారు అక్షరములతో అచ్చువేసినది, కిలో వేయిరూపాయలు. “ఈ రెంటిలో ఏది మేలు? వేయి రూపాయలలో ఆరువందలు దేనికి చెల్లించుచున్నాను?” అని వారి ప్రశ్న. చిన్న ప్రశ్నవలె కనబడును గాని దీనికి సమాధానము చెప్పుటకు ప్రభుత్వమువారి యొద్ద ఒక్క కాగితమైనను లేదు. కావున చీటీలను చదివి మేమే కొంత లెక్క కట్టినాము.

మొదటి సంచిమీద మాంసకృత్తులు కనీసము 30 శాతము, క్రొవ్వు 10, పీచు గరిష్ఠము 5, తేమ 12 అని యున్నది. రెండవదానిమీద మాంసకృత్తులు 34, క్రొవ్వు 12, పీచు 4, తేమ 10. బూడిద, అనగా ఖనిజ లవణములు, రెంటిలోను వ్రాయలేదు. ఇట్టి తిండిలో అది సుమారు ఎనిమిది శాతముండుట సామాన్యము. వీనినన్నిటిని కూడి నూటినుండి తీసివేసిన మిగులునది పిండిపదార్థము. మొదటి సంచిలో 35, రెండవదానిలో 32. చీటీ ఎంత వెదకినను ఈ అంకె కనబడదు. కొనువాడు తానే తీసివేత చేసికొనవలెను.

తేమ తీసివేసి చూచిన పోలిక ఇంకను స్పష్టమగును. నీరు తిండి కాదు గదా. మొదటిదానిలో తేమలేని భాగము 88, అందులో 30 మాంసకృత్తులు, అనగా 34 శాతము. రెండవదానిలో 90కి 34, అనగా 38 శాతమునకు కొంచెము తక్కువ. వ్యత్యాసము నాలుగు శాతమైనను లేదు. ధరలో వ్యత్యాసమో, రెండున్నర రెట్లు. నాలుగు కిలోల బరువుగల ఇంటిపిల్లికి దినమునకు సుమారు 220 కెలోరీలు చాలుననుకొందము. మొదటిది డెబ్బది గ్రాములు పెట్టవలెను, రెండవది అరువదియారు గ్రాములు. దినమునకు ఖర్చు ఒకచోట ఇరువదియెనిమిది రూపాయలు, ఇంకొకచోట అరువదియారు. నెలకు ఒక్క పిల్లికి వ్యత్యాసము 1,140 రూపాయలు. 2024-25వ సంవత్సరమున తెలంగాణలో ఉపాధిహామీ కూలి దినమునకు 300 రూపాయలు. అనగా ఆ బంగారు అక్షరముల వెల దాదాపు నాలుగు దినముల మట్టిపని.

ఇంతమాత్రమున రెండవ సంచి మోసమని మేమనుట లేదు. అంకెలు ఒకటైనను వస్తువు వేరు కావచ్చును. మాంసకృత్తులన్నియు ఒక జాతివి కావు. కోడిమాంసములోని కృత్తులును, మక్కల గ్లూటెన్‌లోని కృత్తులును చీటీమీద ఒకే గడిలో కూర్చుండును గాని పిల్లి దేహములో ఒకేరీతిగ పనిచేయవు. కావున విచారణ అంకెతో ముగియదు, అంకెతో మొదలగును. “ప్రీమియం” అను మాట ఈ విచారణలో మనకేమియు సాయపడదు. ఆ మాటకు మన దేశపు చట్టములో అర్థము లేదు. ఎవడైనను, దేనిమీదనైనను, ఎంత పెద్ద అక్షరములతోనైనను దానిని అచ్చు వేసికొనవచ్చును.

పిల్లికి నిజముగ కావలసినదేమి? అది మాంసాహారి. కుక్కవలె రెండు విధములను సర్దుకొనునది కాదు. మాంసముమీదనే బ్రతుకునట్లు దాని దేహయంత్రము ఏర్పడినది. గాజర, గుమ్మడివంటి కూరలలోని పసుపువర్ణ పదార్థమునుండి మనము ఏ విటమినును తయారుచేసికొందుము, పిల్లికి అది సాధ్యము కాదు. కాలేయము, గ్రుడ్డు వంటి జంతుపదార్థముల నుండియే సిద్ధముగ నున్న ఏ విటమిను దానికి దొరకవలెను. ఆర్జినిన్ అను పదార్థము ఒక్కపూట తిండిలో పూర్తిగ లోపించినను కొన్ని గంటలలో రక్తమున అమోనియా విషము పెరిగి పిల్లి పడిపోవునని 1978లో కాలిఫోర్నియా శాస్త్రజ్ఞులు చూపిరి. తీపి రుచియే పిల్లికి తెలియదని, ఆ రుచిని పట్టు జన్యువు దానిలో చెడిపోయినదని 2005లో బయల్పడినది.

వీనియన్నిటికంటె టారిన్ కథ పాఠకులు వినదగినది. టారిన్ అనునది మాంసములో, చేపలో, ముఖ్యముగ గుండెకాయలో సమృద్ధిగ నుండును. ధాన్యములలో ఉండదు. మనిషి దేహము దానిని తయారుచేసికొనును, పిల్లి దేహము చాలినంత చేసికొనజాలదు. టారిన్ లోపించిన తిండితో పిల్లుల కన్నుల వెనుక పొర క్షీణించి గ్రుడ్డివగునని 1975లో తేలినది. అటుపిమ్మట 1987లో మరియొక ఘోరసత్యము బయల్పడినది. అమెరికాలో పేరుగాంచిన తిండ్లను తినిన పిల్లులు గుండె వ్యాకోచించి చచ్చుచుండెను. ఆ తిండ్లు నాటి ప్రమాణములకు సరిపోయినవే. ప్రమాణమే చాలలేదు. టారిన్ ఇయ్యగానే అనేకములు కోలుకొన్నవి. తరువాత తయారీదారులు తిండిలో టారిన్ పెంచిరి, ఆ వ్యాధి అరుదైనది. నేడు అమెరికా ప్రమాణమున పెరిగిన పిల్లి తిండిలో, తేమ తీసివేసిన లెక్కన, మాంసకృత్తులు కనీసము 26 శాతము, క్రొవ్వు 9 శాతము, పొడితిండిలో టారిన్ 0.10 శాతము ఉండవలెను. పిల్లికూనలకు మాంసకృత్తులు 30 శాతము. ఈ కథనుండి మనము నేర్చుకొనవలసినవి రెండు. ప్రమాణమున్నంతనే పని ముగియదు, దానిని నిరంతరము పరీక్షించువారుండవలెను. ప్రమాణమే లేనిచో పరీక్షించుటకేమియు నుండదు.

ఇక మన యింటి పెరుగన్నము మాటయేమి? తెనాలి రామకృష్ణుని పిల్లికథ తెలియని తెలుగుబిడ్డ లేడు. కాగినపాలు పెట్టి, పాలను చూచినంతనే పిల్లి పారిపోవునట్లు చేసిన చమత్కారమునకు మనమందరము నవ్వినాము. పిల్లికిని పాలకును విడదీయరాని చుట్టరికమని మనమందరమును నమ్మినందుననే ఆ కథకు అంత నవ్వు. కాని తల్లిపాలు మానిన పిమ్మట అనేక పిల్లులకు పాలలోని చక్కెర అరగదు, విరేచనములగును. పెరుగన్నములో టారిన్ లేశమాత్రమే. గిడ్డంగిలో ఎలుకలు సమృద్ధిగ దొరకు పిల్లికి పెరుగన్నము ఫలహారమాత్రము. దాని అసలు భోజనము ఎలుక. పట్టణములో మేడమీద గదిలో తలుపులు మూసి పెంచు పిల్లికి ఎలుక ఎక్కడిది? దానికి పెరుగన్నమే సర్వస్వమైనచో అది ప్రేమతో పెట్టు పస్తు. ఉల్లి, వెల్లుల్లి వేసిన పులుసు కలిపిన అన్నము ఇంకను హానికరము. అవి పిల్లి రక్తకణములను చిట్లించును.

శాకాహార గృహస్థులు కొందరు పిల్లిని గూడ తమ నియమమునకు లోబరుపజూచుచున్నారు. వారి నియమమును మేము గౌరవింతుము. కాని నియమము తెలిసి పట్టినవానికే ధర్మము. పిల్లి ఏ వ్రతమును పట్టలేదు. ఇంటిలో మాంసము వండనివారు పిల్లిని పెంచదలచినచో దాని తిండిని దాని ధర్మమున విడువవలెను. లేదా పిల్లిని పెంచుట మానవలెను.

పొడితిండి పుట్టుకను గూడ కొంచెము తెలిసికొనవలసియున్నది. మాంసపుపొడి, ధాన్యపుపిండి కలిపి ఆవిరితో ఉడికించి, మరగట్టు యంత్రములో మిక్కిలి ఒత్తిడితో చిల్లుల పళ్లెముగుండ నెట్టుదురు. బయటపడగానే పేలాలవలె ఉబ్బును. ఎండబెట్టి, పైన క్రొవ్వును, మాంసమును జీర్ణింపజేసి తీసిన రుచిద్రవమును చల్లుదురు. ఉబ్బుటకును గుళిక రూపు నిలుచుటకును పిండి కావలెను. కావున గుళికలోని పిండిపదార్థము ముఖ్యముగ యంత్రముయొక్క అవసరము, పిల్లి అవసరము కాదు. స్వేచ్ఛగ వేటాడు పిల్లుల ఆహారమును 2011లో శాస్త్రజ్ఞులు లెక్కకట్టగా, దాని శక్తిలో 52 పాళ్లు మాంసకృత్తులనుండి, 46 పాళ్లు క్రొవ్వునుండి వచ్చినవి. పిండినుండి వచ్చినవి రెండే. ఉడికించిన పిండిని కొంతవరకు పిల్లి అరిగించుకొనగలదు, అది విషము కాదు. కాని వేయి రూపాయల సంచిలో మూడవవంతు నూకలు, మక్కలు అయినపుడు వాని వెల నూకల వెలయే గాని మాంసపు వెల కాదని కొనువానికి తెలియవలెను. “మా పిల్లి ఇష్టముగ తినుచున్నది” అనుట గూడ ప్రమాణము కాదు. పైన చల్లిన రుచిద్రవమునకు అది సాక్ష్యము, లోని పోషణకు కాదు.

చీటీలోని వరుసక్రమములో మరియొక సూక్ష్మమున్నది. పదార్థములను వండుటకు ముందున్న తూకము ప్రకారము వ్రాయుట వ్యాపార సంప్రదాయము. “తాజా కోడిమాంసము” మొదట కనబడును. పచ్చిమాంసములో డెబ్బది శాతమునకు పైబడి నీరే. గుళికయైన పిమ్మట ఆ మాంసము తూకములో వెనుకకు పోవును. చికెన్ మీల్ అని పిలువబడు ఎండిన కోడిమాంసపు పొడి పేరు వినుటకు ఇంపుగ నుండదు గాని, దానిలో మాంసకృత్తులు పచ్చిమాంసములోకంటె మూడింతలుండవచ్చును. ఇంకొక ఉపాయము ధాన్యమును ముక్కలుచేసి వ్రాయుట: మక్కలు ఒకచోట, మక్కల పిండి ఒకచోట, మక్కల గ్లూటెన్ ఇంకొకచోట. మూడింటిని కూడిన అదియే మొదటిస్థానమున నిలుచును, విడదీసిన మూడును మాంసము క్రింద అణగియుండును. కోడితో చేసినదన్నను, కోడి కలదన్నను, కోడిరుచి యన్నను మన చెవికి ఒకటే. అమెరికాలో ఈ మాటలకు వేర్వేరు కొలతలు నిర్ణయించిరి. “కోడి కలదు” అనుటకు మూడు శాతము చాలును, “రుచి” అనుటకు అంతయు నక్కరలేదు. ఇచట నిర్బంధముగ పాటింపవలసిన అట్టి కొలత ఏదియు లేదు.

మాంసకృత్తులను కొలుచు విధానమే ఒకప్పుడు మోసమునకు ద్వారమైనది. పరీక్షాశాలలో నత్రజనిని కొలిచి, దానిని 6.25తో గుణించి మాంసకృత్తు లింతయని చెప్పుదురు. నత్రజని ఎక్కడినుండి వచ్చినదో ఆ పరీక్ష అడుగదు. 2007లో చైనానుండి అమెరికాకు పోయిన గోధుమ గ్లూటెన్‌లో మెలమిన్ అను రసాయనమును కలిపిరి. దానిలో నత్రజని మెండు. అంకె పెరిగినది, మూత్రపిండములు చెడి పిల్లులు, కుక్కలు అనేకము చచ్చినవి. అవి మూగజీవుల చావులు గనుక లోకము త్వరలోనే మరచినది. మరుసటి సంవత్సరము, 2008లో, అదే మెలమిన్ చైనాలో పసిపిల్లల పాలపొడిలో బయల్పడినది. సుమారు మూడులక్షల శిశువులు రోగగ్రస్తులైరి, ఆరుగురు చనిపోయిరి. పిల్లి చావును హెచ్చరికగ గ్రహించినచో ఆ తల్లుల కడుపుకోత తప్పియుండునేమో! పిల్లి తిండి పిల్లి సమస్యయే యని నవ్వువారు ఈ రెండు సంవత్సరములను ప్రక్కప్రక్కన పెట్టి చూచెదరుగాక.

మన సీమకు ప్రత్యేకమైన ప్రమాదములు మూడు కలవు.

మొదటిది బూజు. మక్కలు వానకు తడిసి బూజుపట్టిన అఫ్లాటాక్సిన్ అను విషము పుట్టును. వేడికి అది సులభముగ నశింపదు. 1974లో రాజస్థాన, గుజరాతు సరిహద్దు గ్రామములలో బూజు మక్కలు తినిన 397 మంది కాలేయరోగమున పడగా 106 మంది మృతినొందిరి. ఆ విషమును గుర్తించినవారు మన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ వైద్యులు. మనుష్యులు తినజాలని మక్కలు దాణాకు పోవుట లోకములో సామాన్యము. దాణాకు పోయినవి ఏ సంచిలో తేలునో అడుగువారుండవలెను.

రెండవది విడి అమ్మకము. నల్లగొండలోను, మహబూబునగరములోను కొన్ని అంగళ్లలో ఇరువది కిలోల సంచిని విప్పి, కిలో, అరకిలో ప్లాస్టికు కవర్లలో కట్టి అమ్ముటను మేము చూచినాము. ఆ కవరుమీద చీటీ లేదు, తేదీ లేదు, పేరు లేదు. చైత్ర వైశాఖముల యెండలో రేకుల కప్పు క్రింద తెరచియుంచిన సంచిలో క్రొవ్వు చెడి కంపుపట్టుటకు ఎక్కువకాలము పట్టదు. అమ్మువాని దోషముకంటె అడుగనివారి దోషమే ఇందు పెద్దది.

మూడవది నీరు. ఎలుక దేహములో మూడింట రెండువంతులు నీరు, పొడిగుళికలో పదవవంతు. ఎడారిజంతువు సంతతియగు పిల్లికి దప్పిక స్వభావముగనే తక్కువ. పొడితిండి తిని చాలినంత నీరు త్రాగని పిల్లికి మూత్రమార్గమున రాళ్లు ఏర్పడవచ్చును, మగపిల్లికి మూత్రము బిగిసి ప్రాణాపాయము గూడ కలుగవచ్చును. అట్టి పిల్లికి మనము పెట్టు నీరేది? ఫ్లోరైడును తొలగించు పద్ధతికి ప్రపంచమంతట “నల్లగొండ పద్ధతి” అను పేరు నిలిచినది. పటికయు సున్నమును కలిపి నీటిని తేర్చు ఆ విధానమును నాగపురపు పర్యావరణ పరిశోధన సంస్థవారు రూపొందించిరి. రోగము మనది, పేరును మనదే. మిషన్ భగీరథ నీరు వచ్చిన పిమ్మట బోరునీటిని మనము త్రాగుట తగ్గించినాము. పశువులకు, పెంపుడు జీవులకు బోరునీటినే పోయు ఇండ్లు ఇంకను కలవు. ఫ్లోరైడు ఎముకలో పేరుకొనును. తిండిలో ఎముకపొడి కలిపినపుడు ఏ సీమ పశువుల ఎముక యన్న ప్రశ్న మన జిల్లావారు అడుగకున్న ఇంకెవ్వరడుగుదురు? చీటీమీద ఫ్లోరైడు గడి లేదు.

ఇక స్వదేశీ విచారమునకు వత్తము. మిర్యాలగూడ మిల్లులలో వడ్లు ఆడినపుడు నూకలు, తవుడు వేరుపడును. పాలమూరు చెలకలలో మక్కలు పండును. రెండు జిల్లాలలోను కోళ్లఫారములు కలవు. కృష్ణలోను చెరువులలోను చేపలు కలవు. నూకలు, మక్కలు, కోడిమాంసపు పొడి, చేపపొడి: పిల్లితిండి చీటీలో మొదటి నాలుగు వరుసలు ఇవియే. అనగా ముడిసరకు మన వాకిటనే యున్నది. మునుపు దూది పోయి బట్టగ వచ్చినట్లు, నేడు నూకలు పోయి బొమ్మసంచిగ వచ్చుచున్నవి. సిద్దిపేట జిల్లాలో మార్స్ అను విదేశసంస్థ పెంపుడు జంతువుల తిండి కర్మాగారమును నడుపుచు, 2022లో దాని విస్తరణకు మరి 500 కోట్ల రూపాయలు పెట్టుబడి ప్రకటించినది. ఆ కర్మాగారము వచ్చుట మంచిదే, పని దొరకును. కాని కోట్లు పెట్టి కర్మాగారము కట్టదగిన వ్యాపారము, లక్షలు పెట్టి పరీక్షాశాల కట్టదగినది కాదా?

స్వదేశీ పేరు చెప్పి చెడ్డసరకును పొగడుట మాకు సమ్మతము కాదు. దేశీయమగు సంచిలో టారిన్ లేనిచో అది దేశభక్తిచేత పూడదు. విదేశీయమైనను చీటీలో సత్యము వ్రాసిన సంచి, స్వదేశీయమైనను అసత్యము వ్రాసిన సంచికంటె మేలు. మా స్వదేశీయత సరకు పుట్టినచోటుతోపాటు దానిని పరీక్షించు అధికారమును గూడ కోరును.

ఆ అధికారము నేడు ఎవరికున్నది? 2006 నాటి ఆహారభద్రతా చట్టము మనుష్యులు తినునదానినే ఆహారమని నిర్వచించి, పశువుల దాణాను స్పష్టముగ వెలివేసినది. భారతీయ ప్రమాణముల సంస్థ కుక్కల, పిల్లుల తిండికి ప్రమాణము వ్రాసినదిగాని అది ఇష్టమైనవారు పాటించు ప్రమాణము. తూనికలు కొలతల చట్టము సంచి బరువు, గరిష్ఠ ధర, తేదీ చూచును. లోపలిదేమో చూడదు. అనగా కిలో సంచిలో తూకము తగ్గిన అడుగవచ్చును, మాంసము తగ్గిన అడుగరాదు!

కొందరు ఇట్లు ఆక్షేపింతురు: “మనుష్యుల అంగన్‌వాడీ పిండినే సరిగ పరీక్షింపని దేశములో పిల్లితిండికి పరీక్షలా?” ఈ ఆక్షేపణలో బాధ నిజమైనది, తర్కము నిజమైనది కాదు. మక్కలలో బూజువిషమును, పొడిలో నత్రజని మోసమును కనుగొను యంత్రము అంగన్‌వాడీ పిండికిని పిల్లితిండికిని ఒకటే. ఒకదానికై కట్టిన పరీక్షాశాల రెండవదానికిని పనికివచ్చును. జంతువుల తిండిమీది శ్రద్ధ మనిషికి ఉపకరించిన కథ మన జొన్నసీమలోనే కలదు. జొన్నగటక ముఖ్యాహారముగ బ్రతికిన దక్కను పీఠభూమి పేదలలో పెల్లాగ్రా అను చర్మరోగముండెడిది. దానికి నికోటినిక్ ఆమ్లము మందని తెలిసినది ఎట్లు? 1937లో అమెరికాలో ఎల్వెహ్యెమ్ అను శాస్త్రజ్ఞుడు నల్లనాలుక రోగముపట్టిన కుక్కలను దానితో మాన్పినపుడు. ఆ వెలుగులోనే 1960లో హైదరాబాదున గోపాలన్, శ్రీకాంతయ్య అను వైద్యులు జొన్నకును పెల్లాగ్రాకును గల సంబంధమును విచారించిరి. కుక్క నాలుకనుండి కూలివాని చర్మమువరకు శాస్త్రము నడచిన దారి అది.

కావున మా కోరికలు నాలుగు. పిల్లుల, కుక్కల తిండికి గల ప్రమాణమును కేంద్రప్రభుత్వమువారు నిర్బంధము చేయవలెను. చీటీమీద టారిన్, బూడిద, పిండిపదార్థము, కెలోరీలు, ఏ వయస్సు జంతువునకు సంపూర్ణాహారమో, ఇవి తెలుగులో గూడ అచ్చువేయింపవలెను. విడి అమ్మకమును నిషేధింపవలెను. రాజేంద్రనగరములోని పశువైద్య విశ్వవిద్యాలయమును, చెంగిచర్లలోని మాంస పరిశోధన సంస్థయు కలిసి, అంగళ్లలో దొరకు సంచులను ఏటేట కొని పరీక్షించి ఫలితములను పేరులతో ప్రకటింపవలెను. 1918లో కూనూరున ఒక్క గదిలో మొదలై 1958లో హైదరాబాదునకు వచ్చిన పోషకాహార సంస్థ, మన జొన్నలో, సజ్జలో, చింతచిగురులో ఏమున్నదో పట్టికలు వ్రాసి దేశమునకిచ్చినది. అదే నగరమునుండి పిల్లిసంచికి ఒక పట్టిక రాజాలదా?

అంతవరకు మా మిర్యాలగూడ మిత్రునికి మా సలహా ఇది. బంగారు అక్షరములను విడిచి వెనుకవైపు చదువుడు. “సంపూర్ణాహారము” అని, ఏ వయస్సునకో వ్రాసియుండవలెను. టారిన్ పేరు కనబడవలెను. జంతుమాంసము పేరుతో, కోడి యని, చేప యని స్పష్టముగ నుండవలెను. తీసివేత లెక్క మీరే చేసికొనుడు. పై మూడును కలిగినచో నాలుగువందల సంచియే మీ పిల్లులకు చాలును. మిగిలిన ఆరువందలలో కొంత పెట్టి ఉడికించిన గ్రుడ్డు, ముల్లు తీసి ఉడికించిన చిన్నచేప అప్పుడప్పుడు పెట్టుడు. కాలేయము కొంచెమే పెట్టుడు, మితిమీరిన అదియు చెరుపు. ఉత్త మాంసము మాత్రమే పెట్టిన సున్నపుధాతువు చాలదు, కావున సంచిని పూర్తిగ మానకుడు. రెండుమూడుచోట్ల వెడల్పు గిన్నెలలో భగీరథ నీరు పోసియుంచుడు. మగపిల్లి మూత్రమునకై కూర్చుండి కూర్చుండి లేచుచున్నచో ఆ దినమే పశువైద్యునియొద్దకు కొనిపొండు.

“పిల్లి శాపములకు ఉట్లు తెగవు” అని సామెత. ఉట్టిమీది పాలకై పిల్లి ఎంత శపించినను ఉట్టి కదలదు. నిజమే. పిల్లి ఫిర్యాదు వ్రాయజాలదు, వినియోగదారుల న్యాయస్థానమునకు పోజాలదు, మూత్రపిండము చెడినపుడు మూలకు పోయి కూర్చుండుటయే దానికి తెలిసిన అర్జీ. దాని పక్షమున మాటలాడవలసినవాడు సంచి కొనువాడు. పాలు త్రాగునపుడు పిల్లి కన్నులు మూసికొనునని నవ్వుదుము గాని, సంచి కొనునపుడు కన్నులు మూసికొనుచున్నది మనమే. ముందుగ అవి తెరువుడు. పిల్లి మెడలో గంట కట్టెదెవరను ప్రశ్న ఎలుకలది. సంచి మెడలో చీటీ కట్టవలసిన బాధ్యత ప్రభుత్వమువారిది, కట్టించుకొనవలసిన బాధ్యత మనది.